ఊపిరి కోసం పైకి వచ్చేవి: గోదావరి మొగల ఎదుట డాల్ఫిన్లు, తిమింగలాలు

అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఈ తీరంలో ఎక్కడైనా పెద్ద జీవి ఒడ్డుకు కొట్టుకొస్తే ముందు చూడాల్సింది దాని తోకను. తోక నిలువుగా ఉంటే అది చేప, ఎంత పెద్దదైనా సరే. వేల్ షార్క్ పేరులో తిమింగలం ఉన్నా అది సొర జాతి చేపే, మొప్పలతోనే బతుకుతుంది. తోక విసనకర్రలా అడ్డంగా పరుచుకుని ఉంటే అది తిమింగలమో డాల్ఫినో అయి ఉంటుంది. వార్తల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి. పేరు మారితే ఏమైందిలే అనుకోవడానికి లేదు. ఒడ్డున పడ్డ చేపను నీటిలోకి నెడితే దానికి ఊపిరాడుతుంది. డాల్ఫిన్‌ను ఆదరాబాదరాగా నీటిలోకి తోసి, నెత్తి మునిగేలా వదిలేస్తే మన చేతులతోనే దాన్ని ముంచి చంపినట్టవుతుంది.

తిమింగలాలు, డాల్ఫిన్లు గాలి పీల్చే జంతువులు. ఇది బడిపిల్లలకూ తెలిసిన విషయమే. కానీ వాటి శరీరం, నిద్ర, వేట, పిల్లల పెంపకం, చివరికి చావు కూడా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి. వలలో డాల్ఫిన్ ఎందుకు చస్తుందో, ఒడ్డున పడ్డదాన్ని ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియాలంటే ముందు వీటి ఊపిరి లెక్క తెలియాలి.

తోక అడ్డంగా ఉండడానికీ మూలం నేల మీదే ఉంది. చేప వెన్ను పక్కలకు ఊగుతుంది. పరిగెత్తే కుక్క వెన్ను పైకీ కిందికీ వంగుతుంది. తిమింగలం ఈదేటప్పుడు ఆ పరుగు కదలికే కనిపిస్తుంది, ఎందుకంటే దాని పూర్వీకులు నాలుగు కాళ్ల జంతువులు. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఉపఖండపు తీరాల్లోనే అవి నీటిలోకి దిగాయి. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించి ఉంచిన రాళ్లను ఆయన మరణం తర్వాత పగలగొట్టి చూస్తే ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టల జంతువు ఎముకలు బయటపడ్డాయి. పిల్లి కన్నా కాస్త పెద్దదైన ఆ జంతువు చెవి ఎముక తిమింగలాల చెవి ఎముకను పోలి ఉందని 2007లో ప్రకటించారు. ఇప్పుడు బతికున్న జంతువుల్లో వీటికి దగ్గర చుట్టం నీటి ఏనుగు. డాల్ఫిన్ పక్క రెక్కలో నేటికీ మన చేతిలో ఉన్నట్టే మణికట్టు, ఐదు వేళ్ల ఎముకలు ఉంటాయి. కాళ్లు పోయినా తుంటి ఎముకల ముక్కలు రెండు కండలో మిగిలి ఉంటాయి.

ఊపిరి లెక్క

మనం మామూలుగా ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తుల్లోని గాలిలో పదో వంతు, మహా అయితే ఏడో వంతు మారుస్తాం. డాల్ఫిన్ నాలుగింట మూడు వంతులకు పైగా మార్చేస్తుంది, అది కూడా సెకనులో మూడో వంతు వ్యవధిలో. నీటి మీద "ఫుస్" మని వినిపించే చప్పుడు ఆ గాలి ఒక్కసారిగా బయటకు పోవడం. పెద్ద తిమింగలం తల మీద లేచే చిమ్ము కూడా లోపల దాచుకున్న నీరు కాదు. వెచ్చటి ఊపిరిలోని తేమ, రంధ్రం మీద నిలిచిన కాసిని నీళ్లు కలిసి అలా కనిపిస్తాయి.

ముక్కు నడినెత్తి మీద ఉంటుంది. పళ్లున్న జాతులకు ఒక రంధ్రం, పళ్లకు బదులు బలీన్ పలకలున్న పెద్ద తిమింగలాలకు రెండు. విశ్రాంతిలో ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది, తెరవడానికే కండరం పని చేయాలి. నిద్రలో మనకు ఊపిరి దానంతటదే ఆడుతుంది. డాల్ఫిన్‌కు ఆ వెసులుబాటు లేదు, ప్రతి ఊపిరీ తలచి తీసుకోవాల్సిందే. అందుకే దాని మెదడు ఒకేసారి పూర్తిగా పడుకోదు. ఒక సగం పడుకుంటే రెండో సగం మేలుకుని ఈదిస్తుంది, పైకి తెస్తుంది, ఒక కన్ను తెరిచి ఉంచుతుంది. కొంతసేపటికి వంతు మారుతుంది. మత్తుమందు ఎక్కువైన డాల్ఫిన్ ఊపిరి తీయడం మానేసి చచ్చిపోతుందని పశువైద్యులు చాలా ఏళ్ల కిందటే, కొన్ని ప్రాణాలు పోయాక, గ్రహించారు.

మరో ఏర్పాటు గొంతులో ఉంది. శ్వాసనాళం పై మొన బాతు ముక్కులా పొడుచుకొచ్చి ముక్కుదారిలో బిగిసి ఉంటుంది. నోటి దారి వేరు, గాలి దారి వేరు. దీనివల్ల నీటి అడుగున చేపను మింగినా ఊపిరితిత్తుల్లోకి నీరు పోదు. కానీ నెత్తి మీది రంధ్రం బురదతోనో గుడ్డతోనో మూసుకుపోతే నోటితో గాలి పీల్చుకునే వీలు కూడా ఉండదు. ఒడ్డున పడ్డ జీవి దగ్గర పనిచేసేవాళ్లు మిగతావన్నీ మరిచినా దీన్ని మరవకూడదు.

లోతుకు దిగే జాతులు గాలిని ఊపిరితిత్తుల్లో కాక రక్తంలో, కండలో దాచుకుంటాయి. కండలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. స్పెర్మ్ వేల్ అనే పెద్ద తిమింగలం కండలో అది మనిషి కండలో కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ, ఆ మాంసం నల్లగా కనిపించేది అందుకే. ప్రపంచంలో మొదటిసారి మూడు కొలతల్లో రూపం తెలిసిన ప్రోటీన్ కూడా స్పెర్మ్ వేల్ మయోగ్లోబినే. 1958లో జాన్ కెండ్రూ దాన్ని తేల్చి 1962లో నోబెల్ అందుకున్నారు. మునిగినప్పుడు గుండె నెమ్మదిస్తుంది, రక్తం మెదడుకూ గుండెకూ ఎక్కువగా పోతుంది, లోతు పెరిగేకొద్దీ ఊపిరితిత్తులు నలిగి ముడుచుకుంటాయి. ముడుచుకుంటే లోపలి నైట్రోజన్ రక్తంలోకి ఎక్కదు, పైకి వచ్చేటప్పుడు బుడగలు కట్టవు. స్పెర్మ్ వేల్ వెయ్యి మీటర్ల లోతున మూడు పావుగంటలు, గంట సేపు వేటాడి వస్తుంది. కువియర్స్ బీక్డ్ వేల్ 2992 మీటర్లు దిగినట్టు, వేరొకసారి 222 నిమిషాలు మునిగి ఉన్నట్టు నమోదైంది.

ఇంత లోతు మన తీరానికి దూరపు సంగతి కాదు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో గ్యాస్ తీస్తున్న కేజీ-డీ6 ప్రాంతం కాకినాడకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ కొన్ని చోట్ల నీటి లోతు వెయ్యి మీటర్లు దాటిపోతుంది. గోదావరి బురదనీటి తీరం నుంచి స్పెర్మ్ వేల్ వేటాడగలిగే లోతుకు బోటు మీద ఒక పూట ప్రయాణం. ఎప్పుడైనా ఈ ఒడ్డుకు లోతు సముద్రపు జీవి కొట్టుకొస్తే అది దారి తప్పి ఎక్కడి నుంచో వచ్చిందని అనుకోనక్కర్లేదు.

ఈ దగ్గరతనం వల్ల ఒక జాగ్రత్తా అవసరమవుతుంది. సముద్రం అడుగున నిక్షేపాల కోసం చేసే సీస్మిక్ సర్వేల్లో గాలి తుపాకులు కొన్ని సెకన్లకొకసారి పెద్ద శబ్దం వదులుతాయి. నీటిలోకి శబ్దం పంపి వెతికే నౌకాదళాల సోనార్ వల్ల 2000లో బహామాస్ తీరంలో బీక్డ్ తిమింగలాలు గుంపుగా ఒడ్డుకు చేరి చచ్చాయి. ఇలాంటి ఘటనల్లో కొన్ని శవాల్లో గ్యాస్ బుడగలు కనిపించాయి. శబ్దానికి బెదిరి మునక లెక్క తప్పితే ముడుచుకునే ఊపిరితిత్తులు కూడా కాపాడలేవు. సర్వేలకు బ్రిటన్‌లో వాడే పద్ధతి సులువైనదే: లోతు తక్కువైన నీటిలో శబ్దం మొదలెట్టే ముందు 30 నిమిషాలు, లోతు ఎక్కువైతే 60 నిమిషాలు చుట్టూ 500 మీటర్ల మేర కనిపెట్టి చూడడం, తర్వాత కనీసం 20 నిమిషాల పాటు శబ్దాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవడం. జంతువుకు పక్కకు తప్పుకునే వ్యవధి దొరుకుతుంది. స్పెర్మ్ వేల్ గంటసేపు అడుగున ఉంటుంది కాబట్టే లోతైన చోట కనిపెట్టే సమయమూ గంట.

చెవితో చూసేవాటికి నైలాన్ వల ఎందుకు కనబడదు

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద ఎర్రనీరు, నది సముద్రంలో కలిసే మొగలు దాటి సముద్రంలోకి చాలా దూరం పరుచుకుంటుంది. ఆ నీటిలో చెయ్యి ముంచితే వేళ్లు కనబడవు. అయినా డాల్ఫిన్ చేపను పట్టుకోగలుగుతుంది, ఎందుకంటే అది చెవితో చూస్తుంది. ఊపిరి రంధ్రం కింద ముక్కుదారిలో పెదవుల్లాంటి రెండు కండ మడతలు ఉంటాయి. లోపల బిగబట్టిన గాలిని వాటి మధ్య నుంచి తోస్తే టిక్ మనే చప్పుళ్లు పుడతాయి. ఆ గాలి బయటకు పోదు, సంచుల్లోకి చేరి మళ్లీ వెనక్కి వస్తుంది. అంటే పీల్చిన ఒక్క ఊపిరే బతకడానికీ పనికొస్తుంది, చూడడానికీ పనికొస్తుంది. నుదుటి మీది కొవ్వు గడ్డ ఆ శబ్దాన్ని టార్చిలైటు వెలుగులా ముందుకు కేంద్రీకరిస్తుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వని కింది దవడలోని కొవ్వు గుండా లోపలి చెవికి చేరుతుంది. నీటిలో శబ్దం సెకనుకు 1500 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైమాటే. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే వీటి టిక్కులు 100 కిలోహెర్ట్జ్ దాటి కూడా ఉంటాయి. పడవలో కూర్చున్నవాళ్లకు అందులో ఎక్కువ భాగం వినబడదు.

కవళ్లు, కానాగంతలు వంటి చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. నీటికీ గాలికీ తేడా చాలా ఎక్కువ కనుక దాని నుంచి ప్రతిధ్వని గట్టిగా వస్తుంది. సన్నటి నైలాన్ దారం సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అది నీటికి దాదాపు సమానమైన పదార్థం, పైగా మిల్లీమీటరులో అర వంతు కూడా మందం ఉండదు. శబ్దం దాని మీద తగిలి వెనక్కి రావడం చాలా తక్కువ, దాన్ని పసిగట్టే దూరానికి వచ్చేసరికి డాల్ఫిన్ వేగానికి ఆగే వ్యవధి ఉండదు. బెండ్లు, సీసపు గుండ్లు వినబడతాయి. మధ్యలోది ఖాళీ అనుకుంటుంది. అంతకు మించి ఇంకో కారణం ఉంది: డాల్ఫిన్ అన్ని వేళలా టిక్కులు చేస్తూ ఉండదు. తెలిసిన నీళ్లలో, పాతిక మందితో కలిసి సాగేటప్పుడు చాలాసేపు మౌనంగానే ఉంటుంది. చేపల వెంట పడ్డప్పుడు దృష్టంతా చేప మీదే. తల్లి పక్కన ఈదే పిల్లకు ఈ విద్య ఇంకా పూర్తిగా రాదు.

వల తగిలాక పక్క రెక్కలు, తోక, మూతి ఆ క్రమంలోనో వేరే క్రమంలోనో చిక్కుకుంటాయి. విడిపించుకోవడానికి తిరిగిన ప్రతి మెలికా మరో చుట్టు బిగిస్తుంది. తీరపు డాల్ఫిన్ మామూలుగా కొన్ని నిమిషాలకు మించి ఊపిరి బిగబట్టదు, కొట్టుకుంటుంటే గాలి ఇంకా త్వరగా అయిపోతుంది. వల నీటిలో ఉండేది గంటల తరబడి. తెల్లవారాక వల లాగేసరికి అది చచ్చి చాలాసేపవుతుంది. వేటగాడికి దాని మీద పగా లేదు, ఆశా లేదు. చిరిగిన వలా, పోయిన వేటా అతనికి నష్టమే. ఇద్దరూ ఓడిపోయే చోటు ఇది.

వల లాగుతున్నప్పుడు డాల్ఫిన్ ఇంకా బతికి ఉంటే చేయగలిగినది కొంత ఉంది. ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టాలి. వలను ఒక్కసారిగా లాగకుండా మెల్లగా పడవ పక్కకు తెచ్చి, ముందు నెత్తి నీటిపైన ఉండేలా చూడాలి. తోక పట్టి లాగకూడదు, కొక్కెం గుచ్చకూడదు. వల కళ్లను కోసి విడిపించాలి, శరీరం మీద ఒక్క చుట్టు దారం కూడా మిగల్చకూడదు. మిగిలిన దారం నెలల తరబడి కండలోకి కోసుకుపోతూ ఉంటుంది. వల వైపు కాక అవతలి వైపుకు తల తిప్పి వదిలి, అది దూరం జరిగాకే గేరు వేయాలి. రింగు వలలో పడితే బెండ్ల తాడును ఒక చోట నీటిలోకి అణిచి దారి ఇవ్వాలి, చేపలు కొన్ని పోయినా సరే.

వలకు కట్టే పింగర్లు అనే చిన్న శబ్ద పరికరాలు కొన్ని జాతుల మీద బాగా పనిచేశాయి. సుమారు 10 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని 4 సెకన్లకొకసారి వదిలే పరికరాలతో అమెరికా ఈశాన్య తీరంలో హార్బర్ పోర్పాయిస్ అనే డాల్ఫిన్ లాంటి చిన్న జీవుల మరణాలు బాగా తగ్గాయి. బాటిల్‌నోజ్ వంటి తెలివైన డాల్ఫిన్ల దగ్గర ఫలితం నిలకడగా లేదు. శబ్దం విని ఇక్కడ చేపల వల ఉందని తెలుసుకుని వచ్చే సందర్భాలూ ఉన్నాయి. బ్యాటరీ అయిపోయిన పింగర్ మధ్యలో ఉంటే అక్కడ దారి ఖాళీగా ఉందని తోస్తుంది, అది లేని వలకన్నా చేటు. వల నీటిలో ఉంచే గంటలు తగ్గించడం, వల దగ్గరే పడవ ఉండి కనిపెట్టడం, చినిగిన వలను సముద్రంలో వదలకపోవడం: ఖర్చు లేని ఈ మూడు పనులే ఈ తీరానికి ఎక్కువ పనికొస్తాయి.

చేపలన్నీ డాల్ఫిన్లే తినేస్తున్నాయనే మాట రేవుల్లో వినిపిస్తుంది. లెక్క వేసి చూడొచ్చు. డాల్ఫిన్ రోజుకు తన బరువులో 4 నుంచి 6 శాతం తింటుంది. 200 కిలోల జంతువుకు అది 8 నుంచి 12 కిలోలు. అందులో చాలా భాగం నెత్తళ్లు, కవళ్లు, చిన్న మెత్తటి చేపలు. కొన్ని జాతులు కందవాలు (స్క్విడ్‌లు), రొయ్యల వంటివి కూడా తింటాయి. వలలోంచి లాక్కునేటప్పుడు కంటికి కనబడే నష్టం నిజమే, వల చిరిగిన రోజు కష్టం చిన్నది కాదు. కానీ దాని పళ్లు నమిలేవి కావు, పట్టుకునేవి మాత్రమే. చేపను తల వైపు నుంచి ముక్కలు చేయకుండా మింగుతుంది. గొంతు పట్టనంత పెద్ద వంజరాన్నీ, చందువానూ అది ముట్టదు.

ఈ తీరంలో ఎవరెవరు

గోదావరిలో స్థిరంగా ఉండే నది డాల్ఫిన్ లేదు. 2009లో జాతీయ జలచరంగా ప్రకటించినది గంగా, బ్రహ్మపుత్రల్లో ఉండే గంగా డాల్ఫిన్. ఇక్కడ మొగల్లోనూ పోటు నీటి వెంట కాస్త లోపలా కనిపించేవి సముద్రపు జాతులే.

మూతి పొడుగ్గా, సన్నగా ఉండి గాలిలోకి ఎగిరి గిరగిరా తిరిగితే స్పిన్నర్, అది కాస్త లోతు నీళ్ల డాల్ఫిన్. మూతి పొట్టిగా సీసా మెడలా ఉండి, వీపు రెక్క కొడవలిలా వంగి ఉంటే బాటిల్‌నోజ్. వీపు మీద గూని, దాని మీద చిన్న రెక్క ఉంటే హంప్‌బ్యాక్ డాల్ఫిన్. ఇది లోతు తక్కువ నీటినే ఇష్టపడుతుంది, కాబట్టి మడ అడవుల అంచులకూ రేవులకూ దీనికి తప్పని సంబంధం. వీపు రెక్కే లేకుండా, మూతి లేకుండా గుండ్రటి తలతో ఉండే చిన్న జీవి ఫిన్‌లెస్ పోర్పాయిస్. అది గెంతదు, వీపు మాత్రం ఒకసారి తిప్పి మునిగిపోతుంది, పక్కన ఉన్నా చాలామంది గమనించరు. ఇంకొకటి ఐరావతి డాల్ఫిన్. దానికీ తల గుండ్రమే, మూతి లేదు, కానీ వీపు మధ్యకు కాస్త వెనక్కి చిన్న గుండ్రటి రెక్క ఉంటుంది. ఒడిశాలోని చిలికా సరస్సులో ఉన్నవి అదే జాతి, సుమారు 150.

ఐరావతి డాల్ఫిన్‌కు పేరు బర్మా నది నుంచి వచ్చినా శాస్త్రానికి మొదటి నమూనా దొరికింది మన తీరంలోనే. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే విశాఖపట్నం రేవులో ఆ జంతువు దొరికింది. ఉత్తర సర్కార్లలో పనిచేసిన వాల్టర్ ఇలియట్ సేకరించిన నమూనాలు, బొమ్మల ఆధారంగా లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో దాన్ని వర్ణించారు. అదే వ్యాసంలో మరుగుజ్జు స్పెర్మ్ వేల్ కూడా ఉంది, అదీ విశాఖ తీరం నుంచి వెళ్లిందే. ఇంకో డాల్ఫిన్‌కు ఓవెన్ పెట్టిన లాటిన్ పేరులో 'గడము' అనో 'గాదము' అనో చదవదగిన మాట ఉంది. అది తెలుగు జాలర్లు చెప్పిన పేరు. ఇప్పుడు ఆ జంతువును ఇండో-పసిఫిక్ బాటిల్‌నోజ్ కింద కలిపేశారు గానీ, నూటయాభై ఏళ్ల కిందటి వేటగాళ్ల మాట శాస్త్ర గ్రంథాల్లో అలాగే నిలిచి ఉంది. ఇప్పటి రేవుల్లో ఏ జాతిని ఏ పేరుతో పిలుస్తారో పాలెం పాలెం తిరిగి రాసుకోవడం ఇంకా చేయదగిన పని.

తిమింగలం అన్న మాట సంస్కృతంలోని 'తిమింగిలం' నుంచి వచ్చింది. తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది అని అర్థం. నిజానికి అతి పెద్ద తిమింగలాలు పెద్ద చేపలను మింగలేవు. నీలి తిమింగలానికి నోరు గది అంత ఉన్నా గొంతు చిన్నది. నోటినిండా నీటిని తీసుకుని, మన గోళ్ల పదార్థంతోనే తయారైన బలీన్ పలకల గుండా బయటకు తోసి, మిగిలిన రొయ్యపొట్టు లాంటి జీవులను మింగుతుంది. బంగాళాఖాతంలో ఉండే బ్రైడ్స్ తిమింగలం ఇదే పద్ధతిలో కవళ్ల వంటి చిన్న చేపల గుంపులను పడుతుంది.

పులస ఒక్కసారికి లక్షల గుడ్లు పెడుతుంది. డాల్ఫిన్ ఏడాది మోసి ఒక్క పిల్లను కంటుంది. పిల్ల సాధారణంగా తోక ముందుగా పుడుతుంది. కాన్పు ఆలస్యమైనా నెత్తి చివరిదాకా తల్లి కడుపులోనే ఉంటే పిల్ల నీరు మింగదు. పుట్టగానే మొదటి పని పైకి వచ్చి ఊపిరి తీయడం, తల్లి పక్కనే ఉండి పైకి తెస్తుంది. పాలు వెన్నలా చిక్కగా ఉంటాయి. రెండేళ్ల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పిల్ల తల్లిని వదలదు. కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ల ఎడం మామూలు. బతుకంతా కలిపితే ఒక ఆడదానికి పదీ పరకా పిల్లలు, అన్నీ నిలవవు. డాల్ఫిన్ల గుంపు ఎంత బాగున్నా ఏడాదికి 4 శాతానికి మించి పెరగదని లెక్కల్లో తీసుకుంటారు. మొగ దగ్గర 100 ఉన్నాయనుకుంటే కొత్తగా చేరేవి నాలుగు. ఏడాదిలో ఐదు వలల్లో పోతే గుంపు తరుగుతున్నట్టే, కానీ పడవ మీద నుంచి చూసేవాళ్లకు పదేళ్ల దాకా తేడా తెలియదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం మర బోట్లకు మాత్రమే, ఆ రోజుల్లోనూ చిన్న పడవల నైలాన్ వలలు నీటిలో ఉంటాయి.

వరద మరో బాధ తెస్తుంది. ఉప్పు చాలా తగ్గిన నీటిలో వారాల తరబడి చిక్కుకుంటే డాల్ఫిన్ చర్మం ఉబ్బి, మచ్చలు పడి, పుండ్లుగా మారుతుంది. ఆస్ట్రేలియాలో ఈ జబ్బును 2020లో వివరంగా వర్ణించారు. ఐరావతి డాల్ఫిన్ మంచినీటికి ఓర్చుకుంటుంది, బాటిల్‌నోజ్ ఓర్చుకోదు. వరద తగ్గాక మచ్చలతో కనిపించిన డాల్ఫిన్‌ను ఫొటో తీస్తే అది పనికొచ్చే సమాచారం.

ఒడ్డున పడ్డప్పుడు

నీటిలో తిమింగలానికి బరువు లేదు. ఒడ్డున ఉన్న బరువంతా దాని ఊపిరితిత్తుల మీద పడుతుంది. కింద ఉన్న కండరాలకు రక్తం ఆగిపోయి అవి చితికిపోతాయి, చితికిన కండలోంచి వచ్చే మయోగ్లోబిన్ మూత్రపిండాలను పాడుచేస్తుంది. లోతులో ప్రాణం నిలిపిన పదార్థమే ఇక్కడ విషమవుతుంది. చలి తగలకుండా ఉన్న కొవ్వు పొర ఎండలో ఒంటి వేడిని బయటకు పోనివ్వదు. నల్లటి చర్మం గంటలోపే పొక్కుతుంది.

ఎందుకు వస్తాయో ప్రతిసారీ తేలదు. ముసలిదనం, జబ్బు, వల గాయం, పిల్ల తల్లి నుంచి విడిపోవడం సాధారణ కారణాలు. మెల్లగా ఏటవాలుగా ఉండే ఇసుక, బురద తీరాలు టిక్కులకు స్పష్టమైన ప్రతిధ్వని ఇవ్వవు. కాకినాడ అఖాతం లాంటి చోట పాటు వచ్చి నీరు తీసేస్తే వెనక్కి పోయే లోతు మిగలదు. గుంపుగా వచ్చే జాతుల్లో స్నేహమే ముప్పు. 2016 జనవరిలో తమిళనాడులో మనపాడు దగ్గర 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. జాలర్లు పడవలతో లాక్కెళ్లి వదిలినా ఎన్నో తిరిగొచ్చాయి. అదే తీరంలో 1973 జనవరిలో 147 వచ్చాయి. ఒక్కటి ఒడ్డున విలవిల్లాడుతుంటే మిగతావి వదిలి పోవు.

బతికున్న డాల్ఫిన్ కనిపిస్తే మొదట అటవీ శాఖకూ, దగ్గరి మెరైన్ పోలీసు స్టేషన్‌కూ కబురు పంపాలి. ఇవన్నీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1 జీవులు. వాళ్లు వచ్చేలోపు చేయాల్సినవి ఇవి. పక్కకు ఒరిగి ఉంటే మెల్లగా బోర్లా, అంటే పొట్ట మీద నిలబెట్టి, రెండు పక్క రెక్కల కింద ఇసుకలో గుంటలు తీయాలి. లేకపోతే రెక్కలు శరీరం కింద నలుగుతాయి. తడి దుప్పటి, పాత చీర కప్పి నీరు పోస్తూ ఉండాలి, నెత్తి మీది రంధ్రం మాత్రం తెరిచే ఉంచాలి, ఆ చుట్టూ జానెడు దూరంలో గుడ్డ గానీ నీళ్లు గానీ పడకూడదు. టార్పాలిన్‌తో నీడ వేయాలి. తోక వెనక నిలబడకూడదు, ఒక్క దెబ్బకు మనిషి కాలు విరుగుతుంది. ఊపిరిని లెక్కపెట్టి కాగితం మీద రాయాలి: నిమిషానికి రెండు నుంచి ఐదు మామూలు, పది దాటితే పరిస్థితి బాగోలేదు. జనాన్ని దూరంగా ఉంచడం అన్నిటికన్నా కష్టమైన పని, అన్నిటికన్నా అవసరమైనదీ అదే. సెల్ఫీ కోసం పైకెక్కిన బరువు ఆ ఊపిరితిత్తుల మీదే పడుతుంది.

నీటిలోకి చేర్చాల్సి వస్తే తోకకు తాడు కట్టి లాగకూడదు, వెన్నుపూసలు జారిపోతాయి. డాల్ఫిన్‌ను ఒక పక్కకు కొద్దిగా ఒరిగించి కిందికి టార్పాలిన్ సగం మడతపెట్టి తోసి, రెండో పక్కకు ఒరిగించి మిగతాది లాగి, ఆరుగురో ఎనిమిది మందో అంచులు పట్టుకుని పోటు మొదలయ్యాక నడుము లోతు నీటిలోకి తీసుకెళ్లాలి. అక్కడే వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. ఒక పక్కకు పడి ఉన్న జీవికి ఆ పక్క కండరాలు మొద్దుబారి ఉంటాయి, వదలగానే ఒరిగి నెత్తి మునిగిపోతుంది. అరగంటో, ఇంకా ఎక్కువసేపో వీపు పైకి ఉండేలా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపుతూ, తనంతట తాను పైకి వచ్చి ఊపిరి తీస్తోందని చూశాకే వదలాలి. పది టన్నుల తిమింగలం విషయంలో మనుషులు చేయగలిగింది నీడ, తడి, నిశ్శబ్దం మాత్రమే. దాన్ని పొక్లెయిన్‌తో నెట్టినా, తాడుతో లాగినా చివరి గంటలు ఇంకా బాధగా గడుస్తాయి.

చచ్చినదాని దగ్గర కూడా పని ఉంటుంది. పొట్ట ఉబ్బిన కళేబరాన్ని కోయకూడదు, లోపలి గ్యాస్ ఒక్కసారిగా బయటకు చిమ్ముతుంది. మనుషులకు సోకగల బ్రూసెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు, ఉత్త చేతులతో ముట్టరాదు. దూరం నుంచే రెండు పక్కలూ, తల, వీపు రెక్క, తోక, పొట్ట కింది చీలికలు ఫొటో తీయాలి. పక్కన కొలతకు చెప్పో తెడ్డో పెడితే చాలు. పొట్ట మీద ఒకే పొడవైన చీలిక, దానికి రెండు పక్కలా చిన్న చీలికలు ఉంటే ఆడది. రెండు చీలికలు ఒకదాని వెనక ఒకటి విడిగా ఉంటే మగది. పొడవు పై దవడ కొన నుంచి తోక మధ్య నొక్కు దాకా తిన్నగా కొలవాలి, వీపు మీదుగా వంపు తిరిగి కాదు. పక్క రెక్కల ముందు అంచున, మూతి మూలల్లో సన్నటి తిన్నని కోతలుంటే వల చావే అని అనుమానించాలి. పాతిపెట్టేటప్పుడు పోటు గీత దాటి, కుక్కలు తవ్వనంత లోతున పూడ్చాలి. వరద తోసుకుపోయే మొగ అంచున కాదు.

స్పెర్మ్ వేల్ అయితే అంబర్‌గ్రిస్ మాట వెంటనే లేస్తుంది. తిమింగలం వాంతి అంటారు గానీ అది పేగుల్లో, కందవాల ముక్కుల చుట్టూ పేరుకున్న ముద్ద, చాలావరకు మలద్వారం వైపు నుంచే వస్తుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. అన్ని స్పెర్మ్ వేల్స్‌లోనూ ఉండదు. దాన్ని దగ్గర ఉంచుకోవడం, అమ్మడం మన దేశంలో నేరం. ఇసుకలో దొరికే మైనపు ముద్దల్లో చాలావరకు అది కాకపోవచ్చు కూడా.

పళ్లు పీకి ఇంటికి తీసుకుపోవడమూ నేరమే, దానికి మించి నష్టం కూడా. డాల్ఫిన్ పన్నును నిలువునా కోసి చూస్తే చెట్టు మొద్దులో వలయాల్లా పొరలు కనిపిస్తాయి, సుమారు ఏడాదికి ఒకటి. పన్ను దవడలోనే ఉంటే, పరీక్షించే శాస్త్రవేత్త చేతికి ఆ జంతువు వయసు, వల చావు గుర్తులు, పొట్టలోని చేపల చెవి ఎముకలు ఒకేసారి దొరుకుతాయి. ఎన్నేళ్ల జంతువును కోల్పోయామో ఆ పన్ను పొరలే చెబుతాయి.